బావ హెలికాప్టరు, నా సంతకం

సైన్యంలో పదిహేనేళ్ళు హెలికాప్టర్ల కింద వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించి, ఇక ఈ జన్మకు ఆ నూనె వాసన చాలనుకుని చిత్తూరు వచ్చి బ్యాంకులో గుమాస్తాగా చేరినవాణ్ణి నేను. చేరి ఏడాది తిరక్కముందే మా బావ హెలికాప్టరు కొన్నాడు.

కొన్నాడంటే తయారైనది కాదు. విదేశం నుంచి పెట్టెల్లో విడిభాగాలుగా వస్తుంది, పుస్తకం ముందు పెట్టుకుని మనమే బిగించుకోవాలి. బెంగుళూరులో ఎవరో పెద్దమనిషి సరదాపడి తెప్పించుకుని, సగం బిగించి, ఓపిక నశించి వదిలేశాడట. బావ అక్కడికి వెళ్ళింది పాత ట్రాక్టరు ట్రాలీ చూడడానికి. తిరిగొచ్చింది లారీ నిండా పెట్టెలతో. బంగారుపాళ్యం దగ్గర ఆయనకు మామిడితోట ఉంది. తోట మధ్యలో కాయలు పోసే సిమెంటు కళ్ళం, దాని పక్కన రేకుల కొట్టం. ఆ కొట్టంలో రెండేళ్ళు తలుపులేసుకుని దాన్ని బిగించాడు. ఊళ్ళో బోరు మోటార్లన్నీ విప్పి బాగుచేసిన చెయ్యి ఆయనది. నిజం చెప్పాలంటే పని బాగా చేశాడు. నాకు ఒళ్ళు మండింది అందుకే. చెత్తగా చేసి ఉంటే మొదటిరోజే వద్దని చెప్పి బస్సెక్కేవాణ్ణి, ఏడాదిన్నర ఆదివారాలు మిగిలేవి.

ఆయన్ను ఆపింది మా అక్క. ఒకరోజు బ్యాంకుకు ఫోన్ చేసింది.

"మీ బావ వచ్చే వారం ఎగురుతాడంట. నువ్వొచ్చి సూడు. నువ్వు బాగుండాదని చెప్పి, ఆ పుస్తకం కడాపేజీలో సంతకం పెడితేనే అది నేల ఇడిచేది. లేకుంటే పోయి ఆ రెక్కల కింద కూర్చుంటా."

"నాకెందుకక్కా ఈ తలనొప్పి?"

"ఆ పని తెలిసినోడివి నువ్వు. నాకు తెలిసినోడివీ నువ్వే. ఇంగెవుర్ని అడిగేది?"

బాగుందని సంతకం పెట్టి ఏదైనా జరిగితే అక్క బొట్టు నా చేతుల్లో పోతుంది. బాగాలేదంటే బావ నాతో మాట్లాడడు. ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

నన్ను చూడగానే బావ సంబరంగా ఎదురొచ్చాడు. "రా బామ్మర్దీ. ఒక పది నిమిషాలు తిప్పి చూపిస్తా. సంతకం పెట్టేసి సంగటి తిని పోదువు."

కళ్ళం నడిమధ్యలో నిలబడి ఉంది, తెల్లగా, ఇద్దరు కూర్చునేంత. బోరు మోటారు దించే నైలాన్ తాళ్ళతో నాలుగు వైపులా నాలుగు మామిడి మానులకు కట్టి ఉంది. నేను తాళ్ళు చూసి, బావను చూసి, అరుగు మీద కూర్చున్నాను.

"ఇదేంది బావా?"

"కట్టి తిప్పాలని పుస్తకంలోనే రాసినారు కదప్పా. కట్టినా."

"పుస్తకంలో మామిడి చెట్లని రాసినారా?"

"అదేమన్నా ఎద్దా, తెంపుకొని పోయేదానికి?"

ఎద్దయితే నాకింత భయం ఉండేది కాదని చెప్పాను. కొత్త హెలికాప్టరును మొదటిసారి గాల్లోకి లేపే ముందు నేలకు గొలుసులతో కట్టి గంటలకొద్దీ నడపాలి. ఇంజను లోపలి భాగాలు ఒకదానికొకటి అలవాటుపడాలి, బేరింగులు వేడెక్కుతున్నాయా చూడాలి, రెక్కలు ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా చూడాలి. నడిపిన ప్రతిసారీ ఆపి, ప్రతి బోల్టూ మళ్ళీ పట్టిచూడాలి. ఇదంతా బావకు నాకంటే బాగా తెలుసు, ఆ పుస్తకం ఆయనకు కంఠతా వచ్చు. తెలిసీ, తన బండికి అవన్నీ అక్కర్లేదని ఆయన నమ్మకం.

కళ్ళంలో నాలుగుచోట్ల గుంటలు తవ్వి, ఇనుప కడ్డీలు వంచి కొక్కేలుగా దించి, సిమెంటు పోయించాను. ఆరడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ బావ నాతో అవసరమైనంత వరకే మాట్లాడాడు.

తర్వాత గొలుసులేసి మొదటిసారి నడిపిన రోజు ఇప్పటికీ గుర్తుంది. కళ్ళం మీది దుమ్మంతా లేచింది. ఎండుటాకులు, ఖాళీ ఎరువుసంచులు, అక్క ఆరేసిన చీర, అన్నీ ఒకేసారి ఎగిరి పక్కతోటలో పడ్డాయి. అన్నిటికంటే ఎక్కువగా లోపల మేమిద్దరం ఊగిపోయాం. నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. ఎదురుగా ఉన్న గడియారాల్లో ముళ్ళు రెండేసిగా కనిపించాయి. ఇంజను ఆపేశాను.

"రొంత వణుకు ఉంటాదిలే, కొత్తది కదా," అన్నాడు బావ.

"నాకు నీ మొగమే సరిగా కనపళ్ళేదు బావా."

రెక్కలు రెండూ ఒకే దారిలో తిరగనప్పుడు అట్లా వణుకుతుంది. దాన్ని కనిపెట్టడానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. ఒక రెక్క చివర ఎర్రరంగు, రెండోదాని చివర నీలిరంగు పూసి, పొడుగాటి వెదురుకు తెల్లగుడ్డ కట్టి, తిరుగుతున్న రెక్కల చివరకు మెల్లిగా ఆనించాలి. గుడ్డమీద రెండు గీతలు పడతాయి. ఒకదాని మీద ఒకటి పడితే సరి. ఎడం ఉంటే ఏ రెక్క పైన పోతోందో రంగు చెబుతుంది. వినడానికి తేలికే. వెదురు పట్టుకునేవాడు ఒక్క అడుగు ముందుకేస్తే వెదురుతోపాటు వాడూ ఉండడు. బావ తన తెల్లపంచె చించి ఇచ్చాడు. బావ లోపల కూర్చుని ఇంజను నడిపితే, ఎవరినీ నమ్మక వెదురు నేనే పట్టుకున్నాను. గీతలకు మధ్య మూడు వేళ్ళ ఎడం. ఆపి, రెక్క మొదట్లో కడ్డీని అర చుట్టు తిప్పి, మళ్ళీ నడిపి, మళ్ళీ గుడ్డ పెట్టి. అట్లా నాలుగు ఆదివారాలు, రెండు పంచెలు పోయాయి. వేలెడు ఎడానికి వచ్చాక బావ అన్నాడు, "ఇంగ సాల్లేప్పా, వేలంత తేడా ఎవురికి తెలుస్తాది?"

"పైకి పోయినాక నీకే తెలుస్తాది."

ఇంకో ఆదివారం వెళ్ళేసరికి తోకదగ్గర విప్పిన నట్లు కడిగి, తుడిచి, మళ్ళీ అవే బిగించి ఉన్నాయి. ఆ రకం నట్లు ఒకసారి విప్పితే మళ్ళీ వాడకూడదు, పట్టు పోతుంది. కొత్తవి డబ్బానిండా ఉన్నాయి. ఎందుకు వాడలేదంటే, "పాతవి బాగుండాయి కదా, పారేసేదానికి చేతులు రాలా," అన్నాడు. ఎకరాల తోట ఉన్న మనిషి నట్టు పారేయలేకపోయాడు. అవన్నీ నా చేత్తో విప్పి, మళ్ళీ దొరకకుండా బావిలో పడేశాను.

వీటికితోడు పక్కతోట పెద్దాయన. మామిడి పూతమీద ఉన్న రోజులు. మేము ఇంజను ఆపిన ప్రతిసారీ గట్టుమీద చేతులు కట్టుకుని నిలబడి ఉండేవాడు.

"మీ గాలికి నా పూతంతా రాలిపోతా ఉండాదప్పా."

"గాలి మంచిదే పెద్దాయనా, పూతకు తేనెమంచు పురుగు పట్టదు," అనేవాడు బావ ధీమాగా.

"నీ చెట్లవైపు తిప్పుకో మరి ఆ మంచి గాలి."

ఆయన పూత అయ్యేవరకు నడపకూడదని నేను తేల్చాను. బావ కోపంతో భోజనానికి కూడా రాలేదు. అక్క సంగటిముద్ద, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి కొట్టంలోకే పంపింది. నేను బస్టాండుకు పోతుంటే వెనకనుంచి కేకేశాడు: "సైన్యంలో గూడా ఇట్నే ఆపుతా ఉంటివా? యుద్ధం అయిపోయినాక ఎగిరేటివా మీ హెలికాప్టర్లు?"

బస్సులో చిత్తూరుదాకా ఆ మాట నన్ను తింటూనే ఉంది. నేను సంతకం పెట్టిన బండ్లు కొండలమీద మంచులో కూడా ఎగిరాయి. ఒక్కటీ నా తప్పువల్ల కూలలేదు. అది చెప్పుకునే గొప్పేమీ కాదు, రోజూ భయపడుతూ పని చేశానంతే. బావకు ఆ భయం ఎట్లా ఎక్కించాలో నాకు తెలియలేదు.

పిందెలు కట్టాక మళ్ళీ వెళ్ళాను. కళ్ళంలో అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. హెలికాప్టరు కాళ్ళ పక్కన సిమెంటు పచ్చిగా, కొత్తగా ఉంది. జానెడు వెడల్పు, వంపు తిరిగిన పట్టీలాగా పూసి ఉంది.

"ఇదేంది?"

"ఎలక బొక్క పెట్టింది. పూసినా."

సిమెంటు కళ్ళంలో కొడవలి వంపుతో బొక్క తవ్విన ఎలుకను నేనెక్కడా చూడలేదు. వంగి చూశాను. కుడివైపు ముందు కొక్కెం ఒరిగి ఉంది. గొలుసులో ఒక లంకె సాగి, లోపలి పక్క కొత్త ఇనుములాగా మెరుస్తోంది. నేను లేనప్పుడు నడిపాడు. నడపడమే కాదు, గొలుసులు వదులుచేసి లేపడానికి చూశాడు; బండి కాలు పక్కకు తిరిగి గీసిన గాడికే ఆ సిమెంటు.

"బావా, నేనొకటే అడుగుతా. నడిపినావా?"

"లేదప్పా."

"మళ్ళీ అడగను."

"లేదంటా ఉండా గదా."

పానాలు పెట్టెలో సర్దుకున్నాను. పుస్తకం తీసి ఆయన చేతిలో పెట్టాను. అక్క వంటింట్లోంచి పిలిచినా పలకకుండా రోడ్డుమీదికి వచ్చేశాను. బస్సు గంటదాకా రాలేదు. ఆ గంటా రోడ్డు పక్కన నిలబడి, వచ్చే పోయే మామిడి పల్పు ఫ్యాక్టరీ లారీలను చూస్తూ, ఈ ఊరికి మళ్ళీ రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మంగళవారం బ్యాంకులో తల ఎత్తేసరికి బావ కనిపించాడు. తెల్లచొక్కా, చేతిలో టోకెను, బల్లమీద పింఛను ముసలివాళ్ళ మధ్యన కూర్చుని ఉన్నాడు. ఆయనకు మా బ్యాంకులో ఖాతా లేదు. ఆ టోకెను ఎవరిచ్చారో తెలియదు. ఆయన నంబరు వచ్చింది, లేవలేదు. భోజనం వేళ అందరూ వెళ్ళాక కూడా అట్లాగే కూర్చున్నాడు. నేనే బయటికి వచ్చి, ఎదురుగా ఉన్న టీ కొట్టుకు తీసుకెళ్ళాను.

రెండు టీలు చెప్పాను.

"బేస్తవారం మీ అక్క పలమనేరుకు పొయ్యుండె, పెండ్లికి," అన్నాడు బావ. "గొలుసులు అరడుగు వదులు చేసినా. ఊరికే, తేలిక పడితే ఎట్లుంటాదో సూద్దామని. లీవరు రొంతే ఎత్తినా అబ్బా. ముక్కు కుడిపక్కకి తిరుక్కునింది. ఎడమకాలి పెడలు తొక్కాలని తెలుసు. తెలుసు, కాలు పోలా. ఒకపక్క లేసింది. గొలుసు పట్టి లాగింది. లీవరు దించేస్తి."

"తర్వాత?"

"రెక్కలు నిలిచిపోయినాయి. నేను దిగలేకపోయినా. కాళ్ళు నా మాట ఇనలా. శానాసేపు అట్నే కూర్చోనుంటి." గ్లాసు పక్కకు జరిపాడు. "మీ అక్కకు చెప్పొద్దు."

రోడ్డుమీద అరవాలనిపించింది. గొలుసు ఆ లాగుడుకు తెగి ఉంటే బండి పక్కకు పడి, రెక్కలు నేలను కొట్టి, ఆయన మిగిలేవాడు కాదు. ఇవన్నీ చెప్పాలనుకున్నాను. అవి ఆయనకు అప్పటికే తెలుసు. నేను అన్నది ఒకటే: "నేను చెప్పను. నువ్వే చెప్పాల."

ఆ ఆదివారం ఒట్టు పక్కనపెట్టి వెళ్ళాను. అక్క నన్ను వాకిట్లోనే ఆపింది.

"నీతో చెప్పినాడా?"

"చెప్పినాడు. నీకెట్లా తెలుసు?"

"పక్కతోటాయన సూసినాడు. ఆ పొద్దే వచ్చి చెప్పినాడు. నాతో తానుగా చెప్తాడేమోనని సూస్తా ఉండా. పది దినాలాయ, అన్నం సరిగా తినడు, కొట్టంవైపు పోడు."

నేను లోపలికి వెళ్ళి బావతో, అక్క దగ్గరికి పొమ్మన్నాను. వంటింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. ఆయన బయటికి వచ్చినప్పుడు హెలికాప్టరు తాళంచెవి అక్క దగ్గర ఉంది. అప్పటినుంచి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టుకుంది. నేను అడిగితేనే తీసేది.

ఒరిగిన కొక్కెం, సాగిన గొలుసు మార్చి, తోకభాగమంతా విప్పాం. తోక పంకాను తిప్పే బెల్టు ఒకటి అంచున పోగులు లేచి ఉంది. ఆ లాగుడుకే దెబ్బ తిన్నట్టుంది. కొత్త బెల్టు సముద్రం దాటి మద్రాసు చేరి, అక్కడినుంచి మా దాకా వచ్చేసరికి కాయకోతలు అయిపోయాయి. మధ్యలో నేను విసుగెత్తి, పల్పు ఫ్యాక్టరీలో ఇదే కొలత బెల్టు ఉంటుందేమో అని తమాషాకు అన్నాను. బావ నేను విషం తెచ్చానన్నట్టు చూశాడు.

అక్కడినుంచి నాకు ఇంకోరకం పీడ మొదలైంది. తొందరపడే బావ పోయి, దేనికీ తృప్తిపడని బావ వచ్చాడు. గీతలు రెండూ గుడ్డమీద ఒకేచోట పడ్డాయి. ఆయనకు చాలలేదు, ఇంకోసారి చూద్దామన్నాడు. బేరింగు గంట నడిపినా చెయ్యి ఆనించగలిగేంత చల్లగా ఉంది. "ఎండలో సూసినాం, వానలో సూళ్ళేదు కదా," అన్నాడు. వానలో చూశాం. బోల్టులు నేను పట్టిచూశాక ఆయన పట్టిచూసేవాడు, ఆయన చూశాక నన్ను మళ్ళీ చూడమనేవాడు. ఢిల్లీ నుంచి ఎగరడానికి అనుమతి కాగితం వస్తే దాన్ని మడిచి పుస్తకంలో పెట్టి, ఆ సంగతి నాకు మూడు వారాలు చెప్పలేదు.

నేను మాత్రం తక్కువ తిన్నానా. సంతకం పెట్టాల్సిన పేజీ తీసేవాణ్ణి, ఇంకో ఆదివారం చూద్దామని మూసేవాణ్ణి. బండిలో ఏ లోపమూ లేదు. అది నాకు తెలుసు. సైన్యంలో వందలసార్లు పెట్టిన సంతకమే. అక్కడ ఎక్కేవాడు మా అక్క మొగుడు కాదు.

చివరికి అక్క విసిగిపోయింది. ఒకరోజు కొట్టంలోకి వచ్చి, చేతిలో తాళంచెవి మా ఇద్దరి మధ్య బల్లమీద పెట్టింది.

"దానికేమన్నా రోగముండాదా?"

"లేదక్కా."

"మరి సంతకమేల పెట్టవు?"

బావ పానా తుడుస్తున్నాడు.

"ఇద్దురూ భయపడతా ఉండారు. అంత భయమైతే చెప్పేయండి, పాత ఇనుమోడిని పిలస్తా. వారం వారం ఆ గోల నేను పడలేను. పక్కాయన మొగం సూడలేను."

ఆవిడ వెళ్ళాక నేనే మొదట అన్నాను, ఎగరేది నువ్వు కాదు బావా, ఎగరడం వచ్చినవాడు మొదట లేపాలి. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. అంత వెంటనే ఒప్పుకోవడం నేను ఆయన దగ్గర ఎప్పుడూ చూడలేదు. సైన్యంలో నాతోపాటు పనిచేసి, విరమించి బెంగుళూరులో ఉంటున్న పైలట్‌కు ఫోన్ చేశాను. ఆయన వచ్చి ఒక పూటంతా కొక్కేలు, గొలుసులు, పుస్తకం చూసి, గొలుసులతోనే అరగంట నడిపి దిగాడు.

"ఎవరు చూశారు దీన్ని?"

"ఇద్దరం," అన్నాను.

"బాగుంది. సంతకం పెట్టేయ్, రేపు పొద్దున్నే చూద్దాం."

పెట్టాను. పెన్ను సరిగ్గా రాయక రెండుసార్లు విదిలించాల్సి వచ్చింది. అక్క పక్కనే నిలబడి, పేరంతా పడేదాకా చూసింది.

మర్నాడు పొద్దున గాలి లేదు. గొలుసులు నేను విప్పాను. పైలట్ కుడివైపు, బావ ఎడమవైపు కూర్చున్నారు. ఇంజను వేడెక్కే వరకు నేను దాని చప్పుడే విన్నాను. బెల్టు చప్పుడు, బేరింగు చప్పుడు, తోక పంకా చప్పుడు విడివిడిగా. ఏదీ తేడాగా లేదు. కాళ్ళు నేల విడిచాయి. మోకాలెత్తున కాసేపు నిలబడి, మెల్లిగా మనిషెత్తు, తర్వాత చెట్ల ఎత్తు. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. దిగేదాకా వదల్లేదు, ఆ చోట తర్వాత రెండు రోజులు నొప్పి ఉంది. పక్కతోట పెద్దాయన గట్టుమీద నిలబడి, ఈసారి చేతులు కట్టుకోకుండా, కళ్ళకు అడ్డం పెట్టుకుని చూశాడు.

ఐదారు నిమిషాలుంటాయేమో. దిగాక ఇంజను చల్లబడేదాకా కదలకూడదని పైలట్ బావ భుజంమీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. రెక్కలు నిలిచాక బావ దిగి, రెండడుగులు నడిచి, కాళ్ళు పరీక్షించుకుంటున్నట్టు ఆగాడు.

"ఎట్లుండాది బావా?"

"ఆ పల్పు ఫ్యాక్టరీ రేకులమీద ఎన్ని పాతటైర్లు పడేసినారప్పా," అన్నాడు. "ఈడినుంచి ఒక్కటీ కనపడదు."

తర్వాత రెండు మూడేళ్ళు పైలట్ ఖాళీగా ఉన్నప్పుడల్లా వచ్చేవాడు, ఇద్దరూ కలిసి ఎగిరేవారు. బావ ఒంటరిగా ఎప్పుడూ లేపలేదు, లేపనని అక్కకు మాట ఇచ్చాడట. ప్రతిసారీ ముందురోజు నేను వెళ్ళి బోల్టులు పట్టిచూడాల్సిందే. నేను చూశాక ఆయన చూసేవాడు. అప్పటికీ ఆదివారం నాకు మిగలలేదు.